పదో తరగతి తర్వాత హాస్టల్ తప్పదా? ఒక ఉపాధ్యాయ తండ్రికి సమాధానం

ప్రశ్న: నేను సూర్యాపేట జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం స్కూల్ అసిస్టెంట్‌ను. కాపురం సూర్యాపేటలోనే. మా అబ్బాయి ఇక్కడే ఒక ప్రైవేటు పాఠశాలలో చదివి ఈ ఏడాది పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాడు. వాడి చెల్లెలు కూడా ప్రైవేటు బడిలోనే చదువుతోంది. హైదరాబాద్‌లోని ఒక కార్పొరేట్ రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీ చేర్పించమని మా నాన్న, మా బావమరిది పట్టుబడుతున్నారు. బావమరిది కొడుకు అక్కడే చదివి ఎన్‌ఐటీలో సీటు తెచ్చుకున్నాడు. ఫీజు ఏడాదికి రెండున్నర లక్షలు. పిల్లలను చేర్పించుకోవడానికి తిరిగే ఆ కాలేజీ పీఆర్వో జనవరి నుంచీ ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు, ఈ వారంలో అడ్వాన్సు కట్టకపోతే ఫీజు పెరుగుతుందంటున్నాడు. అబ్బాయి మాత్రం ఇంట్లో ఉండే చదువుకుంటానంటాడు. కానీ రాత్రి పన్నెండు దాటినా ఫోన్ వదలడు, ఇంట్లో ఉంటే చదువుతాడన్న నమ్మకం నాకు లేదు. హాస్టల్ పిల్లల ఆత్మహత్యల వార్తలు చూసి నా భార్య భయపడుతోంది. మరోవైపు మా బడిలో ఏటేటా పిల్లలు తగ్గిపోతున్నారు. అడిగితే, 'సారు పిల్లలే ప్రైవేటుల చదువుతున్నరు, మా పిల్లల్ని మీ బడికి ఎట్ల పంపాలె' అని మొహం మీదే అంటున్నారు. అటు ఊరి పిల్లలకూ ఇటు కన్న కొడుకుకూ న్యాయం చేయలేకపోతున్నానన్న బాధ తినేస్తోంది. ఏం చేయమంటారు?

సమాధానం: మాస్టారు గారికి నమస్కారం.

ముందు మీరు ఈ వారంలో తేల్చుకోవలసిన విషయం చెబుతాను. అబ్బాయి ఇష్టపడకుండా అతడిని హాస్టల్‌కు పంపవద్దు. సూర్యాపేటలోనే ఒక కాలేజీలో డే స్కాలర్‌గా చేర్పించండి. అడ్వాన్సు కట్టవద్దు. ఇంటర్ బోర్డు ప్రవేశాల ప్రకటన సాధారణంగా పదో తరగతి ఫలితాలు వచ్చే రోజుల్లోనే వస్తుంది, ఆ ప్రకటన రాకముందే ప్రవేశాలు జరపకూడదని బోర్డు ఏటా కాలేజీలను హెచ్చరిస్తూనే ఉంటుంది. జనవరి నుంచి తిరుగుతున్న మనిషి మీ ముందు పెడుతున్న గడువు ఆయన సంస్థ పెట్టుకున్నదే తప్ప బోర్డు పెట్టింది కాదు. తరగతులు మొదలైన తర్వాత కూడా ప్రవేశాలు విడతలవారీగా కొనసాగుతాయి కనుక మీకు కావలసినంత వ్యవధి ఉంది.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి నా దగ్గర ఒకటే ముఖ్యమైన కారణం ఉంది. పదిహేనేళ్ల పిల్లవాడి విషయంలో మనం తీసుకునే ఏ నిర్ణయమైనా వెనక్కి తీసుకోగలిగేదిగా ఉండాలి. ఇంటి దగ్గర మొదలుపెట్టిన చదువు సాగడం లేదని దసరా నాటికి తేలితే పద్ధతి మార్చవచ్చు, ఏడాది చూసి రెండో సంవత్సరానికి వేరే కాలేజీ ఆలోచించవచ్చు. అదే రెండున్నర లక్షలు కట్టి, బంధువులందరికీ ఫోన్లు చేసి చెప్పి, ట్రంకు పెట్టె మోసుకెళ్లి దింపి వచ్చిన తర్వాత పిల్లవాడు 'నా వల్ల కావడం లేదు నాన్నా' అంటే, ఆ మాట మన చెవికి ఎక్కదు. 'కొన్ని రోజులు పోతే అలవాటవుతుంది' అంటాం. కట్టిన డబ్బు, చెప్పుకున్న గొప్ప, తిరిగి తీసుకొస్తే నలుగురూ ఏమనుకుంటారోనన్న సంకోచం, మూడూ కలిసి ఆ పిల్లవాడు ఇంటికి వచ్చే దారిని మూసేస్తాయి. ఇది తెలుగు ఇళ్లలో ఏటా జరుగుతున్నదే, మీకు తెలియనిదేమీ కాదు.

నేను జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పిన రోజుల్లో హాస్టల్ ఉన్న కాలేజీలను దగ్గర నుంచి చూశాను. తెల్లవారక ముందే లేపడం, అల్పాహారానికి ముందు ఒక స్టడీ అవర్, పగలంతా తరగతులు, సాయంత్రం కాసేపు విరామం, మళ్లీ రాత్రి పది దాటే దాకా స్టడీ అవర్లు, వారం వారం పరీక్ష, ఆ పరీక్ష ర్యాంకులు నోటీసు బోర్డు మీద. ఆదివారం తల్లిదండ్రులు వచ్చేవారు. చెట్టు కింద దుప్పటి పరిచి, తెచ్చిన క్యారియర్ విప్పుతూ, అన్నం ఇంకా కలపకముందే చాలామంది అడిగే మొదటి ప్రశ్న 'ఈ వారం ఎన్ని వచ్చినయ్?' అనేదే. పిల్లవాడు జవాబు చెప్పకుండా ముద్ద నోట్లో పెట్టుకునేవాడు. ఆ తల్లిదండ్రులు ప్రేమ లేనివాళ్లు కారు. పొద్దున్నే లేచి వండుకుని, రెండు బస్సులు మారి వచ్చినవాళ్లు. వారంలో దొరికే ఆ రెండు గంటల్లో పిల్లవాడి గురించి తెలుసుకోవడానికి వాళ్లకు మార్కు తప్ప వేరే ఆధారం మిగలలేదు, అంతే. ఇంట్లో ఉన్న పిల్లవాడి విషయంలో మీకు వంద ఆధారాలు ఉంటాయి. అన్నం ఎంత తిన్నాడో, ఎవరితో మాట్లాడుతున్నాడో, చెల్లెలితో ఎందుకు చిరాకు పడ్డాడో కనిపిస్తూనే ఉంటుంది. హాస్టల్ ఫీజుతో పాటు మనం వదులుకునేది దీన్నే.

హాస్టళ్లన్నీ చెడ్డవని నేను అనను. దగ్గరలో కాలేజీ లేని తండాల పిల్లలకు, ఇంట్లో చదువుకునే చోటు లేని పిల్లలకు గురుకులాలు, కొన్ని ప్రైవేటు హాస్టళ్లు కూడా జీవితాన్ని ఇచ్చాయి. మీ బావమరిది కొడుకు అక్కడ బాగా చదివి ఉంటాడు, ఆ మాటను తీసేయనక్కర్లేదు. అయితే ఆయనను ఒక్క ప్రశ్న అడగండి: మీవాడు ఏ సెక్షన్‌లో చదివాడు? ఈ కాలేజీల్లో మార్కులను బట్టి సెక్షన్లు విడదీయడం, పై సెక్షన్‌కు పేరున్న లెక్చరర్లను వేయడం, కింది సెక్షన్ల పిల్లలు దాదాపు అదే ఫీజు కట్టి బోర్డు పరీక్షకు మాత్రమే తయారు కావడం ఎప్పటినుంచో నడుస్తున్న వ్యవహారం. పత్రికల్లో మొదటి పేజీ నిండా వచ్చే ర్యాంకర్ల ఫొటోల్లో కింది సెక్షన్ల పిల్లలు ఉండరు. పీఆర్వో మీకు చూపించేది పై సెక్షన్‌ను, మీ అబ్బాయి ఏ సెక్షన్‌లో కూర్చుంటాడో మాత్రం కాగితం మీద రాసి ఇవ్వడు.

ఇక అంకెల సంగతి మీరు గణితం మాస్టారు కనుక మీతో వివరంగా మాట్లాడవచ్చు. ఇటీవలి సంవత్సరాల్లో ఎన్‌ఐటీల వంటి సంస్థల్లో ప్రవేశానికి రాసే జేఈఈ మెయిన్‌కు దేశమంతటా పది లక్షలకు పైగా విద్యార్థులు హాజరవుతున్నారు. వారిలో మొదటి రెండున్నర లక్షల మందికి ఐఐటీల ప్రవేశ పరీక్ష అయిన అడ్వాన్స్‌డ్ రాసే అర్హత వస్తుంది. ఐఐటీలన్నిటిలో కలిపి ఉన్న సీట్లు సుమారు 18 వేలు. ఎన్‌ఐటీలు 31, వాటి సీట్లు కలిపినా, హాస్టళ్లలో రెండేళ్లు గడిపిన పిల్లల్లో అత్యధికులు చివరికి వచ్చి నిలబడేది రాష్ట్ర ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష అయిన ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లోనే. సూర్యాపేటలో ఇంటి నుంచి చదివిన పిల్లవాడు నిలబడేదీ అదే వరుసలో. ఆ ఎప్‌సెట్ ఇంజినీరింగ్ పరీక్షలో 160 ప్రశ్నలు, 160 మార్కులు, తప్పు జవాబుకు కోత లేదు. అందులో 80 ప్రశ్నలు గణితానివి. తెలంగాణలో ఇప్పుడు ఇంటర్ మార్కులకు ఎప్‌సెట్ ర్యాంకులో వెయిటేజీ కూడా లేదు. అంటే మీ అబ్బాయి రాయబోయే పరీక్షలో సగభాగం మీరు జీవితమంతా చదివిన, చెబుతున్న సబ్జెక్టు. ఇంత అండ ఇంట్లోనే ఉన్న పిల్లవాడిని, ఆ అండ లేని చోటికి రెండున్నర లక్షలు కట్టి పంపాలా అన్నది ఒకసారి స్థిమితంగా ఆలోచించండి.

డబ్బు గురించి కూడా చెప్పక తప్పదు. రెండేళ్లకు ఐదు లక్షలు, పైఖర్చులు వేరు. ప్రభుత్వ ఉద్యోగిగా మీ జీతానికి ఆదాయ పరిమితి అడ్డొచ్చి మీ అబ్బాయికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాకపోయే అవకాశమే ఎక్కువ. తెలంగాణలో ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల కన్వీనర్ కోటా (ఎప్‌సెట్ ర్యాంకుతో వచ్చే సీట్ల) ఫీజులు గత కొన్నేళ్లుగా ఏడాదికి 45 వేల నుంచి లక్షన్నర పైదాకా ఉంటున్నాయి. ఆ ఐదు లక్షలు అలాగే ఉంచితే బీటెక్‌లో పెద్ద భాగం గడిచిపోతుంది. వెనకాల అమ్మాయి చదువూ ఉంది.

ఇప్పుడు అబ్బాయితో మాట్లాడవలసిన మాట. అతడు హాస్టల్ వద్దంటున్నాడని రాశారు గానీ, ఎందుకు వద్దంటున్నాడో రాయలేదు. బహుశా మీరు ఇంకా అడగలేదేమో. అమ్మను వదలలేక కావచ్చు, స్నేహితుడు ఇక్కడే చేరుతున్నాడని కావచ్చు, అసలు ఎంపీసీయే వద్దనుకుంటున్నాడేమో కూడా. బండి మీద ఎక్కడికైనా తీసుకెళ్లి, మార్కుల ఊసెత్తకుండా అడగండి. చెప్పేదంతా చెప్పనివ్వండి. అతడికి చేతిపని మీద, యంత్రాల మీద మక్కువ ఉందని తేలితే పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ ద్వారా మూడేళ్ల డిప్లొమా ఉంది, దాని తర్వాత ఈసెట్ అనే పరీక్ష రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. పదో తరగతి ప్రతిభ ఆధారంగానే ప్రవేశం ఇచ్చే బాసర ఆర్జీయూకేటీలో (ట్రిపుల్ ఐటీలో) ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు ఉంది, కాకపోతే అదీ హాస్టలే. ఈ దారులన్నీ అతడి ముందు పెట్టండి, తొందర పెట్టవద్దు.

నిర్ణయం తీసుకున్న తర్వాత మీ నాన్నగారికి, బావమరిదికి ఎలా చెబుతారన్నది చిన్న విషయం కాదు. 'వాడు పోనంటున్నాడు, నేనేం చేయను' అని మాత్రం చెప్పవద్దు. అలా చెబితే వచ్చే రెండేళ్లలో తక్కువ మార్కు వచ్చిన ప్రతిసారీ 'ఆనాడే చెప్పినం, విన్నవా' అన్న మాట ఆ పిల్లవాడి నెత్తిన పడుతుంది. 'నేను లెక్కల మాస్టర్ని, రెండేళ్లు నా దగ్గర పెట్టుకుని చదివించుకుందామనుకున్నా, ఇది నా నిర్ణయం' అని చెప్పండి. పెద్దాయన కొంచెం నొచ్చుకున్నా తండ్రి బాధ్యత తీసుకున్నాడని సర్దుకుంటారు. ఆ మాట అబ్బాయి చెవిన పడేలా చెబితే ఇంకా మంచిది.

కాలేజీ ఎంచుకునేటప్పుడు బోర్డు మీద పేరు కంటే లోపల ఎవరు చెబుతున్నారో చూడండి. మీ వృత్తిలోని వారిని వాకబు చేస్తే సూర్యాపేటలో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం ఎవరు బాగా చెబుతారో ఒక సాయంత్రంలో తెలిసిపోతుంది. ప్రభుత్వ జూనియర్ కాలేజీని కూడా వెళ్లి చూడండి. అక్కడ పోటీ పరీక్ష రాసి ఎంపికైన లెక్చరర్లు ఉంటారు. ఖాళీలు ఉన్నాయా, ప్రయోగశాల నడుస్తోందా, పిల్లలు నిలకడగా వస్తున్నారా అన్నది మాత్రం చూసుకోవాలి. జేఈఈ కూడా రాయాలనుకుంటే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి, కేంద్ర విద్యాశాఖ తరఫున ఐఐటీ కాన్పూర్ 2023లో తెచ్చిన సాథీ పోర్టల్‌లో పాఠాలు, నమూనా పరీక్షలు డబ్బు కట్టకుండానే అందుబాటులో ఉన్నాయి. సరుకుకు కొరత లేదు, కావలసింది రోజూ ఒక క్రమం.

ఆ క్రమంలో మీ పాత్ర చాలా తక్కువ సమయం తీసుకునేదిగా ఉండాలి, లేకపోతే అది మీతోనూ సాగదు, అతడితోనూ సాగదు. రోజుకు నలభై నిమిషాలు చాలు. ఆ నలభై నిమిషాల్లో మీరు పాఠం చెప్పవద్దు, అతడి చేత చెప్పించుకోండి. ఉదాహరణకు, వర్గ సమీకరణంలో విచక్షణి రుణాత్మకమైతే వాస్తవ మూలాలు ఉండవని పదో తరగతిలోనే బట్టీ పట్టి ఉంటాడు. పుస్తకం మూయించి, కాగితం మీద పరావలయం గీసి, ఆ మాటకూ ఈ బొమ్మకూ సంబంధం ఏమిటో చెప్పమనండి. వక్రరేఖ ఎక్స్ అక్షాన్ని తాకనప్పుడు ఏం జరుగుతోందో తనంతట తాను చెప్పగలిగితే, ఇంటర్‌లో సంకీర్ణ సంఖ్యలు ఎందుకు వచ్చాయో కూడా అతడికి అర్థమవుతుంది. చెప్పలేకపోతే విసుక్కోవద్దు. మీ బడి పిల్లల మీద చూపించే ఓర్పులో సగం కన్నకొడుకు మీద చూపించడం ఉపాధ్యాయులకు చాలా కష్టమైన పని అని నాకు తెలుసు. ఏ రోజు అది సాధ్యం కాదనిపిస్తే ఆ రోజు పాఠం మానేసి ఇద్దరూ కలిసి అన్నం తినండి.

ఫోన్ సంగతికి వస్తాను. మీ ఉత్తరాన్ని రెండోసారి చదివినప్పుడు, హాస్టల్ వైపు మిమ్మల్ని నెడుతున్నది ఎన్‌ఐటీ సీటు కంటే ఈ ఫోన్ గొడవేనని నాకు అనిపించింది. చాలా ఇళ్లలో ఇదే కారణం. కానీ హాస్టల్‌లో లాక్కున్న ఫోన్ దసరా సెలవుల్లో మళ్లీ చేతికి వస్తుంది, ఆ పది రోజులూ పిల్లవాడు దాన్ని వదలడు. బీటెక్‌లో చేరిన రోజు నుంచి అయితే అడిగేవారే ఉండరు. దాన్ని పక్కన పెట్టడం ఇప్పుడు, మీ కళ్ల ముందు నేర్చుకుంటేనే తర్వాత పనికొస్తుంది. రాత్రి పదింటికి ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ, మీదీ మీ ఆవిడదీ కూడా, హాల్లో ఒకచోట ఛార్జింగ్‌కు చేరాలని నియమం పెట్టండి. ఉదయం లేవడానికి ఒక మామూలు అలారం గడియారం కొనండి, 'అలారం కోసం' అన్న సాకు పోతుంది. వీడియో పాఠాలు చూడాలంటే హాల్లో టీవీ మీదో కంప్యూటర్ మీదో చూడమనండి. మీరు రాత్రిపూట బడి వాట్సాప్ గ్రూపుల్లో వివరాలు పంపుతూ కూర్చుంటే అది ఉద్యోగమని మీకు తెలుసు గానీ, పిల్లవాడికి కనిపించేది ఫోన్ పట్టుకున్న నాన్న. ఆ పని పదిలోపు ముగించండి. ముగియకపోతే మర్నాడు బడిలో చేసుకోండి. మొదటి రెండు మూడు వారాలు ఇంట్లో రుసరుసలు తప్పవు, వాటిని దాటాలి.

మీ శ్రీమతి గారి భయాన్ని అతిగా భయపడటం అని కొట్టిపారేయకండి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో మూడు లక్షల మందికి పైగా ఫెయిలయ్యారు. ఫలితాల తయారీలో తప్పులు దొర్లాయి, తెలుగులో సున్నా వేసిన ఒక అమ్మాయికి తర్వాత 99 మార్కులు వచ్చాయని తేలింది. ఫెయిలైన వారందరి జవాబు పత్రాలనూ ఉచితంగా పునఃపరిశీలించమని ప్రభుత్వం ఆదేశించవలసి వచ్చింది. ఈలోగా ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ కోసం హాస్టల్‌లో ఉన్న పదిహేడేళ్ల అమ్మాయి 2023లో మరణించిన కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరు ఉండాలని, మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం మానుకోవాలని అందులో ఉంది. అత్యున్నత న్యాయస్థానం ఇంత దూరం వచ్చి చెప్పవలసి వచ్చిందంటే ఆ తల్లి భయానికి ఆధారం ఉన్నట్లే.

అయితే ఇంట్లో ఉన్నంత మాత్రాన అన్నీ సవ్యంగా ఉంటాయనుకోవద్దు. నిద్ర తప్పడం, తిండి మీద ధ్యాస పోవడం, ఇష్టమైన ఆటకూ స్నేహితులకూ దూరం కావడం, 'నేనెందుకూ పనికిరాను' వంటి మాటలు రెండు వారాలకు పైగా కనిపిస్తే కూర్చోబెట్టి నేరుగా అడగండి. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని కూడా అడగవచ్చు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికి చెప్పుకోవడానికి వీలు దొరుకుతుంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 నంబరులో రాత్రీ పగలూ ఉచితంగా అందుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఆ నంబరు మీ ముగ్గురి ఫోన్లలోనూ ఉండాలి. ఫలితాలు వచ్చే రోజు అతడిని ఒంటరిగా ఉంచవద్దు. ఫెయిలైతే అదే వేసవిలో సప్లిమెంటరీ ఉంటుందని ఫలితాల ముందే, మామూలు మాటల్లో చెప్పి ఉంచండి.

రేపు ఏడాది తిరిగాక అతడే 'హాస్టల్‌కు వెళ్తాను' అంటే కాదనవద్దు. అప్పుడు మాత్రం కళ్లు తెరిచి పంపండి. అతడు ఏ క్యాంపస్‌లో కూర్చుంటాడో ఆ క్యాంపస్ పేరు మీదే బోర్డు గుర్తింపు ఉందా, హాల్ టికెట్ దాని పేరు మీదే వస్తుందా అని అడగండి. ఒక కాలేజీలో పేరు నమోదు చేసి మరోచోట చదివించడం ఇక్కడ మామూలే. భవనానికి అగ్నిమాపక శాఖ ఇచ్చిన ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) చూపించమనండి. కౌన్సెలర్ పేరు, ఆయన వచ్చే రోజులు కనుక్కోండి. కోచింగ్ కేంద్రాల కోసం కేంద్రం 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు ఐదు గంటలకు మించి తరగతులు వద్దని, వారానికో సెలవు ఉండాలని, సెలవు మర్నాడు పరీక్ష పెట్టకూడదని, మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు పది రోజుల్లో తిరిగి ఇవ్వాలని ఉంది. అవి కాలేజీలకు యథాతథంగా వర్తించకపోయినా మీరు అడగవలసిన ప్రశ్నలకు అదే మంచి కొలబద్ద. ఫీజు ఒక్కసారిగా కట్టవద్దు. కాలేజీ మారాలంటే బోర్డు అనుమతి ఎలా తీసుకోవాలో జిల్లా ఇంటర్ విద్యాధికారి కార్యాలయంలో ముందే తెలుసుకోండి. అన్నిటికంటే ముందు, 'ఏ రోజు వద్దనిపిస్తే ఆ రోజు ఫోన్ చెయ్, వచ్చి తీసుకొస్తా, ఫీజు గురించి అడగను' అని అతడికి మాట ఇచ్చి, దాన్ని నిలబెట్టుకోండి.

చివరగా మీ బడి సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కదిలించింది ఇదే. పిల్లలు తగ్గిపోవడానికి మీరొక్కరే కారణమన్నట్లు రాశారు. విద్యా హక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే పనులకు ఉపాధ్యాయులను వాడకూడదు. కానీ 2024 నవంబరులో ఇంటింటి కుల సర్వేకు తెలంగాణలో ప్రాథమిక ఉపాధ్యాయులను పంపి, ఆ రోజుల్లో బడులను ఒంటిపూట నడిపారు. అది కాక యూడైస్ (బడుల వివరాల జాతీయ జాబితా) నమోదు, అపార్ (విద్యార్థి గుర్తింపు) నంబర్లు, మధ్యాహ్న భోజనం లెక్కలు, హాజరు యాప్. గణితం మాస్టారు తరగతిలోకి వెళ్లే ముందు ఫోన్‌లో నింపవలసిన గళ్లు ఎన్నో ఊరివాళ్లకు తెలియదు. ఈ భారం మీ చేతగానితనం కాదు. దాన్ని మీ ఒక్కరి మీదే వేసుకోకుండా ప్రధానోపాధ్యాయులతో మాట్లాడి అందరూ పంచుకునేలా చూడండి, సంఘం ద్వారా అడగవలసింది అడగండి.

ఊరివాళ్ల మాటకు జవాబు చెప్పడం కోసం మాత్రం అమ్మాయిని హఠాత్తుగా బడి మార్చకండి. మీ బడిలో అన్ని సబ్జెక్టులకూ మాస్టార్లు ఉండి, అమ్మాయికి ఇష్టమైతే తప్పక ఆలోచించండి. ఊరి నోరు మూయించడానికైతే వద్దు. దానికి బదులు ఒక పని సూచిస్తాను. మీ బడిలో పది పాసై సూర్యాపేటలో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చేరుతున్న పిల్లలు నలుగురైదుగురు ఉంటారు. పదో తరగతిలో మీ దగ్గర లెక్కలు బాగా చేసి, ఇంటర్‌లో చెప్పే దిక్కులేక వెనకబడిపోయేది వాళ్లే. ఆదివారం ఉదయం రెండు గంటలు వాళ్లను మీ ఇంటికి రమ్మనండి, మీ అబ్బాయితో పాటు కూర్చోబెట్టండి. పైసా తీసుకోకండి. ఉపాధ్యాయుల ప్రైవేటు ట్యూషన్లను అదే చట్టం 28వ సెక్షన్ నిషేధించింది, పైగా డబ్బు వస్తే దీని అర్థమే మారిపోతుంది. తోటివారికి చెబుతూ నేర్చుకున్నది మీ అబ్బాయికి ఏ హాస్టల్‌లోని స్టడీ అవర్ కంటే ఎక్కువ నిలుస్తుంది. ఆ పిల్లల తల్లిదండ్రులు ఊళ్లో మీ గురించి చెప్పే మాట మీరు పిల్లలను బడిలో చేర్పించే బడిబాటలో ఇంటింటికీ తిరిగి చెప్పే మాట కంటే బలంగా పనిచేస్తుంది.

బడిలో కూడా జూన్‌లో ఒక శనివారం తల్లిదండ్రులను పిలిచి, ఆరో తరగతి పిల్లల చేత వారి ముందే ద్విభాషా పాఠ్యపుస్తకంలోని ఒక పేజీ తెలుగువైపూ ఇంగ్లీషువైపూ చదివించండి, ఒక భాగహారం చేయించండి. రానివారి పేర్లు అందరిలో చెప్పవద్దు. ఎవరికి ఎక్కడ తడబాటు ఉందో మీ నోటుపుస్తకంలో రాసుకుని, దసరా నాటికి అదే పేజీ, అదే రకం లెక్క మళ్లీ వారి ముందు చేయించండి. పిల్లవాడు చదవలేని పేజీ మూడు నెలల తర్వాత చదవడం కళ్లారా చూసిన తండ్రి, సారు కొడుకు ఎక్కడ చదువుతున్నాడని అడగడు.